కుట్టు, ఉంగరం, అతుకు: కణజాలాన్ని కలిపే సాధనాలు.. బిలాస్‌పూర్ మిగిల్చిన ప్రశ్నలు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ పట్టణ శివారున ఉన్న పెండారి గ్రామంలో, వాడకంలో లేని ఒక ఆసుపత్రి భవనంలో 2014 నవంబరు 8న కుటుంబ నియంత్రణ శిబిరం జరిగింది. ఒకే శస్త్రవైద్యుడు కొన్ని గంటల వ్యవధిలో 83 మంది మహిళలకు ల్యాపరోస్కోపిక్ ట్యూబెక్టమీ పూర్తిచేశారు. ఆ శిబిరంలోనూ, రెండు రోజుల తరువాత అదే జిల్లాలో గౌరెల్లా, పెండ్రా, మర్వాహి ప్రాంతాల్లో జరిగిన శిబిరాల్లోనూ శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో 13 మంది కొద్ది రోజుల్లోనే మరణించారు. ఈ శస్త్రచికిత్సలో శరీరంలో మిగిలిపోయే వస్తువు నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు కూడా లేని సిలికాన్ రబ్బరు ఉంగరం. ఆ ఉంగరాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. దాన్ని లోపలికి చేర్చిన పరికరాలు, వాటిని శుద్ధిచేసిన తీరు, తరువాత మింగించిన మాత్రలు దర్యాప్తుకు విషయమయ్యాయి.

కణజాలాన్ని కుట్టే దారం, బిగించే ఉంగరం, అతికించే జిగురు, మూసే పిన్ను చూడటానికి చిన్న వస్తువులు. వాటి వెనుక శరీరం గాయాన్ని మాన్పుకొనే క్రమం ఉంది, నూటయాభై ఏళ్ల పరిశుభ్రతా నియమాలు ఉన్నాయి. ఈ రెండింటిలో దేన్ని తొందరపెట్టినా ఏమవుతుందో బిలాస్‌పూర్‌లో తెలిసింది.

హిమాచల్ ప్రదేశ్‌లోనూ బిలాస్‌పూర్ ఉంది. ఎయిమ్స్ ఉన్నది అక్కడ. ఇక్కడ ప్రస్తావిస్తున్నది అర్పా నది ఒడ్డున ఉన్న ఛత్తీస్‌గఢ్ బిలాస్‌పూర్. ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కార్యాలయం, రాష్ట్ర హైకోర్టు ఈ ఊళ్లోనే ఉన్నాయి. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి ఉత్తరాంధ్ర జిల్లాల కుటుంబాలు రైల్వే ఉద్యోగాలతో ఇక్కడికి వచ్చి స్థిరపడ్డాయి. రైల్వే ఆసుపత్రి, ఛత్తీస్‌గఢ్ వైద్య విజ్ఞాన సంస్థ పట్టణంలో ఉండగా, చుట్టుపక్కల అడవి గ్రామాల రోగులకు ఈ పట్టణమే పెద్దాసుపత్రి.

గాయం మానే క్రమం

కుట్లు గాయాన్ని మాన్పవు. విడిపోయిన అంచులను ఒకదాని పక్కన ఒకటి నిలిపి ఉంచడం వరకే వాటి పని, మాన్పేది శరీరమే. మొదటి కొద్ది రోజులు రక్తం గడ్డకట్టి, తెల్ల రక్తకణాలు చేరి, మలినాలను తొలగిస్తాయి. తరువాతి రెండు మూడు వారాల్లో ఫైబ్రోబ్లాస్ట్ కణాలు కొల్లాజెన్ అనే ప్రొటీను పోగులను అల్లుతాయి. ఆపై నెలల తరబడి ఆ పోగులు బలం పడే దిశలో సర్దుకుంటాయి. చర్మంపై గాయానికి మూడో వారం నాటికి అసలు బలంలో 20 నుంచి 30 శాతం, మూడు నెలలకు సుమారు 80 శాతం తిరిగి వస్తుంది. పూర్తి బలం ఎన్నటికీ రాదు.

ఏ దారం వాడాలన్న నిర్ణయం ఈ కాలపట్టిక మీద ఆధారపడుతుంది. పేగు, మూత్రాశయం త్వరగా మానుతాయి. కొద్ది వారాలు నిలిచే దారం వాటికి సరిపోతుంది. పొట్ట గోడలోని గట్టి పొర నెమ్మదిగా మానుతుంది. అక్కడ త్వరగా కరిగే దారం వాడితే గాయం పైకి మానినట్టే కనిపించి, కొన్ని నెలలకు కుట్టిన చోటే హెర్నియా తలెత్తవచ్చు.

కుట్టు ఎంత బిగిస్తే అంత మంచిదన్నది బట్టలకు వర్తించే మాట. బతికున్న కణజాలానికి ప్రతి క్షణం రక్తం కావాలి. ముడి మరీ బిగిస్తే దాని లోపల చిక్కిన భాగానికి రక్తప్రసారం ఆగి, ఆ భాగం చచ్చి, కుట్టు కోసుకుపోతుంది. అంచులను తాకించాలే గాని నలిపేయకూడదన్నది శస్త్రవైద్య విద్యార్థికి చెప్పే తొలి పాఠాల్లో ఒకటి.

దారాల కథ

నార, చెట్టు బెరడు పోగులు, వెంట్రుకలు, స్నాయువులతో గాయాలు కుట్టడం గురించి సుశ్రుత సంహిత చెప్పింది. పేగు చీలినప్పుడు పెద్ద చీమలతో కరిపించి, వాటి తలలను అలాగే ఉంచి మొండేలను తుంచే పద్ధతి కూడా అందులో ఉంది. నేటి స్టేప్లర్ పిన్ను చేసే పనికి ఇది దగ్గరిదే.

ఆధునిక శస్త్రచికిత్సకు పునాది వేసిన దారం క్యాట్‌గట్. పేరులో పిల్లి ఉన్నా దానికి పిల్లితో సంబంధం లేదు. గొర్రె, పశువుల పేగు పొరల నుంచి దాన్ని తయారుచేస్తారు. శరీరంలోని ఎంజైములు దాన్ని క్రమంగా జీర్ణం చేసుకుంటాయి. బ్రిటిష్ శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ 1860ల చివర్లో కార్బాలిక్ ఆమ్లంలో నానబెట్టిన క్యాట్‌గట్‌ను ప్రవేశపెట్టిన తరువాత, దారాన్ని లోపలే వదిలి గాయం మూసే ధైర్యం వైద్యులకు వచ్చింది. అంతకు ముందు దారం ఉన్నచోట చీము పట్టడం మామూలే అనుకునేవారు. సాదా క్యాట్‌గట్ బలం వారం పది రోజులకు తగ్గిపోతుంది. క్రోమియం లవణాలతో శుద్ధిచేసినది రెండు మూడు వారాలు నిలుస్తుంది. ఆవులకు సోకే ‘మ్యాడ్ కౌ’ వ్యాధి భయంతో ఐరోపా దేశాలు 2001లో దీని వాడకానికి స్వస్తి పలికాయి.

కృత్రిమంగా తయారుచేసి శరీరంలో కరిగిపోయే దారాలు 1970ల నుంచి వచ్చాయి. పాలీగ్లైకోలిక్ ఆమ్లం, తరువాత పాలీగ్లాక్టిన్, ఆ తరువాత పాలీడయాక్సనోన్. ఎంజైములతో పని లేకుండా ఇవి నీటితో చర్య జరిపి విడిపోతాయి కాబట్టి ఎప్పటికి ఎంత బలం మిగులుతుందో ముందే లెక్కకట్టవచ్చు. పాలీగ్లాక్టిన్ మూడు వారాలకు సుమారు సగం బలంతో ఉండి, రెండు నెలల పైచిలుకులో పూర్తిగా కరుగుతుంది. పాలీడయాక్సనోన్ పూర్తిగా పోవడానికి ఆరు నెలలు పడుతుంది. నైలాన్, పాలీప్రొపిలీన్ కరగవు. చర్మంపై వేస్తే విప్పాలి, లోపల వేస్తే అక్కడే ఉండిపోతాయి.

దారం మందాన్ని సున్నాలతో లెక్కిస్తారు. సున్నాలు పెరిగేకొద్దీ దారం సన్నబడుతుంది. పొట్ట గోడకు వాడే ‘1’ లేదా ‘0’ రకం మామూలు కుట్టు దారమంత కనిపిస్తే, కంటి శస్త్రచికిత్సలో వాడే ‘10-0’ తలవెంట్రుక కంటే సన్నం.

స్టేప్లరు, జిగురు, వల

యాంత్రిక స్టేప్లరును తొలిసారి వాడినది బుడాపెస్ట్‌కు చెందిన హుమేర్ హుల్ట్‌ల్, 1908లో. దాని బరువు మూడున్నర కిలోలకు పైనే. 1950ల్లో సోవియట్ ఇంజినీర్లు దాన్ని తేలికపరిచారు. 1958లో కీవ్ వెళ్లిన అమెరికన్ శస్త్రవైద్యుడు మార్క్ రావిచ్ అక్కడ ఒక స్టేప్లరును చూసి స్వదేశానికి తీసుకువెళ్లడంతో అది ప్రపంచమంతా పాకింది. నేటి స్టేప్లర్లు పేగు రెండు కొసలను వరుసల పిన్నులతో కలిపి, మధ్యలో తామే కోస్తాయి. సమయం ఆదా అవుతుంది, ఖర్చు పెరుగుతుంది.

చర్మానికి వాడే జిగురు సయనోయాక్రిలేట్ కుటుంబానికి చెందినది. దాన్ని 1942లో కోడాక్ సంస్థలో హ్యారీ కూవర్ బృందం పారదర్శక ప్లాస్టిక్ కోసం వెతుకుతూ కనుగొని, అన్నిటికీ అంటుకుపోతోందని పక్కన పెట్టేసింది. వైద్యానికి తగిన రూపానికి అమెరికా అనుమతి 1998లో లభించింది. బజారులో దొరికే సూపర్ గ్లూ ఇదే కుటుంబానిదైనా గాయానికి పనికిరాదు. అది వేడెక్కి కణజాలాన్ని దెబ్బతీస్తుంది.

హెర్నియాకు వాడే పాలీప్రొపిలీన్ వల విషయంలో భారతదేశం నుంచి వచ్చిన ఒక ఆలోచన పేద దేశాలకు ఉపయోగపడింది. మహారాష్ట్రలోని దోండాయిచాకు చెందిన శస్త్రవైద్యుడు రవీంద్రనాథ్ తోంగావ్‌కర్, దోమతెర గుడ్డను శుద్ధిచేసి కంపెనీ వలకు బదులు వాడవచ్చని 2003లో ప్రచురించారు. ఆ తరహా చౌక వలను ఉగాండాలో 302 మంది పురుషులపై కంపెనీ వలతో పోల్చి చూశారు. ఏడాది తరువాత రెండింటి ఫలితాల్లో చెప్పుకోదగిన తేడా లేదని 2016లో వెల్లడైంది.

వెంటనే కుట్టకూడని గాయం

బిలాస్‌పూర్ ఉత్తరాన ఉన్న మర్వాహి, పెండ్రా అడవుల్లో ఎలుగుబంట్లు ఎక్కువ. 1998 నుంచి 2000 వరకు ఉత్తర బిలాస్‌పూర్ అటవీ డివిజన్‌లో జరిగిన ఒక పరిశీలనలో వందకు పైగా ఎలుగు దాడులు నమోదయ్యాయి. ఇప్పపూలు, తునికాకు ఏరేందుకు తెల్లవారుజామునే అడవికి వెళ్లేవారికి ఈ ముప్పు ఎక్కువ. ఎలుగు నిలబడి ముఖం మీద కొడుతుంది. కనురెప్ప, ముక్కు, తలపై చర్మం ఒక్క దెబ్బకు లేచిపోతాయి.

ఇలాంటి రోగిని చూడగానే ఊడిన చర్మాన్ని కుట్టేయాలని బంధువులు ఆరాటపడతారు. నియమం వేరు. అడవి జంతువు చేసిన లోతైన గాయాన్ని రేబిస్ ముప్పులో అత్యధిక తరగతిగానే పరిగణిస్తారు. ముందు సబ్బు నీటితో పదిహేను నిమిషాలు కడగాలి. రేబిస్ ఇమ్యునోగ్లోబులిన్‌ను గాయం లోపలా చుట్టూ ఎక్కించాలి. ఆ తరువాతే, తప్పనిసరైతే, వదులుగా కుట్లు వేయాలి. ఇమ్యునోగ్లోబులిన్ ఎక్కించకముందే సూది గుచ్చితే వైరస్ నరాల్లోకి మరింత లోతుగా చేరే ప్రమాదముంది. కుక్కకాటు గాయాన్ని ఊళ్లోని ఆర్ఎంపీ చేత కుట్టించుకుని వచ్చే తెలుగు రోగులకూ ఇదే వర్తిస్తుంది.

ముఖానికి మాత్రం ఒక అనుకూలత ఉంది. అక్కడ రక్తప్రసారం సమృద్ధి. కాలి మీదైతే చీము పట్టే గాయం ముఖంపై మానుతుంది. అందుకే శుభ్రపరచి, మందు ఎక్కించాక, ముఖ గాయాలను ఎక్కువ కాలం తెరిచి ఉంచరు. బిలాస్‌పూర్‌కు ఇరవై కిలోమీటర్ల దూరంలో గనియారి గ్రామంలో ఢిల్లీ ఎయిమ్స్‌లో చదివిన వైద్యులు నెలకొల్పిన జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి ఉంది. అచానక్‌మార్ అడవి గ్రామాల వారికి పట్టణం చేరకముందే దొరికే వైద్యం అది.

మూసేందుకు వేసే ముడి

శస్త్రచికిత్సలో సాధారణంగా దారం కోసిన అంచులు కలిసేదాకా నిలవాలి. స్త్రీల కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలో మాత్రం లక్ష్యం తలకిందులవుతుంది. ఫాలోపియన్ నాళాలుగా పిలిచే బీజవాహికల కొసలు ఎన్నటికీ కలవకూడదు.

చిన్న కోతతో చేసే ట్యూబెక్టమీలో అమెరికన్ వైద్యుడు రాల్ఫ్ పామెరాయ్ పేరిట ప్రసిద్ధమైన పద్ధతిని ఎక్కువగా అనుసరిస్తారు. నాళాన్ని మధ్యలో పైకెత్తి ఉచ్చులా చేసి, మొదట్లో ముడివేసి, పై భాగాన్ని కోసేస్తారు. ముడికి వాడేది త్వరగా కరిగే సాదా క్యాట్‌గట్. కరగని దారంతో బిగిస్తే రెండు కొసలూ ఒకేచోట కట్టి ఉండి, మధ్యలో సన్నని దారి ఏర్పడవచ్చు. దారం వారం పది రోజుల్లో బలం కోల్పోతే, మూసుకుపోయిన కొసలు వేర్వేరు దిక్కులకు జరిగిపోతాయి. ముడి త్వరగా ఊడిపోవడమే ఈ పద్ధతికి బలం.

ల్యాపరోస్కోపిక్ పద్ధతి వేరు. తెలుగు రాష్ట్రాల ఆరోగ్య కార్యకర్తలు దీన్ని డీపీఎల్ అంటారు. రెండు రంధ్రాల ల్యాపరోస్కోపీ అని దాని అర్థం. పొట్టలోకి వాయువు నింపి, ఒక రంధ్రంలోంచి దృశ్యనాళాన్ని, మరోదానిలోంచి ఉంగరం వేసే గొట్టాన్ని పంపుతారు. కొన్ని చోట్ల రెండు పనులూ ఒకే గొట్టంతో చేస్తారు. గొట్టం చివరనున్న కొక్కెం నాళాన్ని పట్టి లోపలికి లాగుతుంది. సాగదీసి ఉంచిన సిలికాన్ ఉంగరం జారి ఆ ఉచ్చు మొదట్లో బిగుసుకుంటుంది. 1970ల్లో అమెరికాలో వైద్యుడు ఇన్‌బే యూన్ రూపొందించిన ఈ ఉంగరం లోపలి వ్యాసం ఒక మిల్లీమీటరు, వెలుపలి వ్యాసం 3.6 మిల్లీమీటర్లు. ఎక్స్‌రేలో కనిపించేందుకు అందులో కొంత బేరియం సల్ఫేటు కలుపుతారు. రక్తం అందని ఉచ్చు కొద్ది వారాల్లో ఎండి పీచుగా మారుతుంది.

ఉంగరాన్ని గొట్టానికి తొడిగాక ఎక్కువసేపు సాగదీసి ఉంచితే అది తిరిగి పూర్తిగా బిగుసుకోదు. అందుకే వేసే ముందు మాత్రమే తొడగాలి. ఉదయమే వరుసగా తొడిగి సిద్ధంగా ఉంచుకోవడం కుదరదు. ఏ పద్ధతీ నూటికి నూరు శాతం కాదు కూడా. అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనం 1996లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, పదేళ్లలో ప్రతి వెయ్యి మంది మహిళల్లో 18, 19 మంది తిరిగి గర్భం దాల్చారు.

83 మంది, ఒక ల్యాపరోస్కోపు

దృశ్యనాళంలో కటకాలు ఉంటాయి. పాత తరహా పరికరాలు ఆటోక్లేవ్ వేడిని, ఆవిరి ఒత్తిడిని తట్టుకోవు. అందువల్ల ఒక్కో రోగికీ మధ్య దాన్ని విడదీసి, రక్తం, కణజాలం లేకుండా కడిగి, 2 శాతం గ్లూటరాల్డిహైడ్ ద్రావణంలో కనీసం 20 నిమిషాలు ముంచి, శుద్ధమైన నీటితో మళ్లీ కడగాలి. 20 నిమిషాలకు ఎక్కువ రకాల సూక్ష్మజీవులు నశిస్తాయి. మొండి బీజాలతో సహా అన్నీ నశించాలంటే గంటలు పడుతుంది.

ప్రభుత్వ ప్రమాణాలు ఒక బృందం రోజుకు 30 ల్యాపరోస్కోపిక్ శస్త్రచికిత్సలకు మించి చేయకూడదని, అందుకు మూడు ల్యాపరోస్కోపులు ఉండాలని, ఒక్కోదాన్ని పదిసార్లకు మించి వాడరాదని నిర్దేశించాయి. ఈ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో లెక్క వేస్తే తెలుస్తుంది. ఒకే పరికరంతో 83 మందికి శస్త్రచికిత్స చేయాలంటే మధ్యలో 82 సార్లు ముంచాలి. ఒక్కోసారి 20 నిమిషాల చొప్పున అది 1,640 నిమిషాలు. అంటే నానబెట్టడానికే 27 గంటలు దాటుతుంది. కడగడం, కోయడం, ఉంగరం వేయడం అదనం. పెండారిలో ఒకే ల్యాపరోస్కోపు వాడారని అప్పటి నివేదికలు తెలిపాయి. పని కొన్ని గంటల్లో ముగిసింది. నియమం పాటించి ఉండగలిగే అవకాశమే లేదని చెప్పడానికి నిపుణుల సాక్ష్యం అక్కర్లేదు.

అయితే మరణాలకు పరికరాలే కారణమని అంతటితో తేల్చేయడం తొందరపాటు. మహిళలకు ఇచ్చిన సిప్రోఫ్లాక్సాసిన్ మాత్రల్లో ఎలుకల మందుగా వాడే జింక్ ఫాస్ఫైడ్ ఆనవాళ్లు కనిపించాయని రాష్ట్ర ప్రభుత్వం ప్రాథమిక పరీక్షల ఆధారంగా ప్రకటించింది. శస్త్రచికిత్స చేసిన వైద్యుడితో పాటు మందుల కంపెనీ యజమానులనూ పోలీసులు అరెస్టు చేశారు. విశ్రాంత న్యాయమూర్తితో విచారణ సంఘాన్ని నియమించారు. రక్తంలో ఇన్‌ఫెక్షన్ అని ఒకరు, విషపు మాత్ర అని మరొకరు వాదించారు. రెండు వాదనల్లోనూ ఒక సంగతి మారదు: పొట్టలోకి పరికరం పంపి, గంటల్లో ఇంటికి పంపేసిన మనిషికి వాంతులు మొదలైతే అది ఇన్‌ఫెక్షనో, మందు ప్రభావమో కనిపెట్టేవారు అక్కడ లేరు.

మరణించినవారిలో ఎక్కువమంది ఇరవైలు, ముప్ఫైల్లో ఉన్న పేద, దళిత, ఆదివాసీ, వెనుకబడిన వర్గాల మహిళలు. బైగా తెగ మహిళ కూడా వారిలో ఉన్నారు. అంతరించిపోయే ముప్పు ఉన్న తెగలుగా గుర్తించినవారికి ఈ శస్త్రచికిత్సలు చేయరాదంటూ 1979 నాటి ప్రభుత్వ ఉత్తర్వు అప్పటికే ఉంది.

అదే నెల చివర్లో ఒడిశాలోని అంగుల్ జిల్లా బనార్‌పాల్ శిబిరంలో 56 మంది మహిళల పొట్టలోకి గాలి నింపడానికి సైకిలు పంపు వాడిన ఉదంతం బయటపడింది. శరీరంలో సులభంగా కరిగిపోయే కార్బన్ డయాక్సైడ్‌ను, నియంత్రిత ఒత్తిడితో నింపే యంత్రం వాడటం పద్ధతి. సైకిలు పంపుకు ఒత్తిడి కొలత ఉండదు, అందులోంచి వచ్చే గాలిలో ఏముందో తెలియదు.

ఇబ్రహీంపట్నం

తెలుగు పాఠకులకు ఇది పొరుగు రాష్ట్రపు కథగా మిగల్లేదు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం సామాజిక ఆరోగ్య కేంద్రంలో 34 మందికి డీపీఎల్ శస్త్రచికిత్సలు చేశారు. వారిలో నలుగురు కొద్ది రోజుల్లో మృతిచెందారు. మిగిలిన 30 మందిని హైదరాబాద్‌లోని ఆసుపత్రులకు తరలించి పర్యవేక్షించారు. దర్యాప్తు ఇన్‌ఫెక్షన్ వైపే చూపింది. ఇక్కడ సంఖ్య 83 కాదు. నిర్దేశిత పరిమితిని దాటింది నలుగురే. భవనం కూడా పాడుపడినది కాదు, నడుస్తున్న ప్రభుత్వాసుపత్రి. అంకె తగ్గినంత మాత్రాన శుద్ధి దానంతటదే జరగదు.

ఈ శస్త్రచికిత్సల భారం తెలుగు నేలపై ఎంతో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తెలుపుతుంది. 2019-21 సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వివాహిత మహిళల్లో దేశం మొత్తం మీద దాదాపు 38 శాతం మంది ట్యూబెక్టమీ చేయించుకున్నారు. తెలంగాణలో అది సుమారు 62 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 70 శాతం. పురుషుల వేసెక్టమీ దేశమంతటా ఒక్క శాతం కూడా లేదు. పొట్ట తెరవనవసరం లేని, స్థానిక మత్తుతో నిమిషాల్లో ముగిసే, ముప్పు తక్కువైన శస్త్రచికిత్స అదే.

బిహార్‌లోని అరరియా జిల్లాలో 2012 జనవరిలో ఒక పాఠశాలలో రెండు గంటల్లో 53 మంది మహిళలకు శస్త్రచికిత్సలు చేసిన ఉదంతంపై దాఖలైన దేవికా బిశ్వాస్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2016 సెప్టెంబరు 14న తీర్పు చెప్పింది. బిలాస్‌పూర్ మరణాలనూ న్యాయమూర్తులు జస్టిస్ మదన్ బి. లోకుర్, జస్టిస్ యు.యు. లలిత్‌ల ధర్మాసనం పరిశీలించింది. సామూహిక శిబిరాల పద్ధతిని మూడేళ్లలో నిలిపివేసేలా చూడాలని, లక్ష్యాల పేరిట ఒత్తిడి చేయరాదని, మహిళకు ఆమె భాషలో వివరించి సమ్మతి తీసుకోవాలని ఆదేశించింది. అప్పటి నుంచి ‘శిబిరం’ అనే మాట అధికారిక పత్రాల్లో తగ్గి, ఆసుపత్రుల్లో నిర్ణీత దినాల సేవ అనే మాట వచ్చింది. ఇబ్రహీంపట్నం ఆ తీర్పు వచ్చిన ఆరేళ్లకు జరిగింది.

తెంచినదాన్ని మళ్లీ కలపడం

కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సను శాశ్వతమనే చెప్పి చేస్తారు. ఆ తరువాత పిల్లలను పోగొట్టుకున్న తల్లులు, పునర్వివాహం చేసుకున్నవారు ఆసుపత్రికి తిరిగి వస్తారు. 2004 డిసెంబరు సునామీలో పిల్లలందరినీ కోల్పోయిన తల్లులకు ఉచితంగా నాళాలను తిరిగి కలిపే శస్త్రచికిత్స చేయిస్తామని తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. రీకెనలైజేషన్ అనే మాట సామాన్య ప్రజలకు తెలిసింది అప్పుడే.

మూసిన చోట బీజవాహిక లోపలి దారి దాదాపు ఒక మిల్లీమీటరు వెడల్పే. శస్త్రవైద్యుడు మచ్చ కట్టిన భాగాన్ని కొద్దికొద్దిగా కోసి తీసేస్తూ, రెండు వైపులా ఆరోగ్యమైన కొస కనిపించేదాకా వెళతారు. రంగు ద్రావణాన్ని గర్భాశయం నుంచి పంపి, మొదటి కొస తెరుచుకుందో లేదో చూస్తారు. ఆపై సూక్ష్మదర్శిని కింద, 7-0 లేదా 8-0 దారంతో, గడియారంలో పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది అంకెలున్న చోట్ల నాలుగు కుట్లు వేస్తారు. కుట్టు కండర పొరలోంచే వెళ్లాలి, లోపలి పొరను పట్టకూడదు. ముడి బయటి వైపే ఉండాలి. లోపలికి పొడుచుకొచ్చిన దారం మళ్లీ మచ్చను పుట్టిస్తుంది. తరువాత పైపొరను మరో వరుసలో కలుపుతారు. ఆ దారం మందం అర పదో వంతు మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుంది.

గర్భం నిలిచే అవకాశం ముఖ్యంగా రెండింటిపై ఆధారపడుతుంది: మహిళ వయసు, మిగిలిన నాళం పొడవు. కలిపిన తరువాత నాలుగు సెంటీమీటర్లకు పైగా నాళం మిగిలితే ఆశ ఎక్కువ. ఉంగరం రెండు మూడు సెంటీమీటర్ల భాగాన్నే పోగొడుతుంది. పామెరాయ్ పద్ధతిలో ఎంత కోశారన్నది చేసినవారి చేతిని బట్టి ఉంటుంది. విద్యుత్తుతో కాల్చి మూసిన నాళంలో నష్టం పైకి కనిపించేదానికంటే విస్తరించి ఉంటుంది కాబట్టి ఫలితం అంతంతమాత్రం. అండాన్ని, వీర్యకణాన్ని కలిపే చోటే పాడైతే, లేదా వయసు దాటితే, టెస్ట్‌ట్యూబ్ పద్ధతినే వైద్యులు సూచిస్తారు.

నాళం తెరుచుకున్నంత మాత్రాన ప్రమాదం తొలగదు. అతుకు దగ్గర దారి ఇరుకైతే పిండం గర్భాశయం చేరకుండా నాళంలోనే నిలిచిపోవచ్చు. అందువల్ల ఈ శస్త్రచికిత్స తరువాత నెలసరి తప్పితే వెంటనే స్కానింగ్ చేయించాలి. కడుపులో ఒక వైపు నొప్పి, కళ్లు తిరగడం ఉంటే అది అత్యవసర పరిస్థితి.

తిరిగి కలిపే శస్త్రవైద్యుడికి ముందుగా కావలసిన సమాచారం చాలా కొద్ది: తొలి శస్త్రచికిత్స తేదీ, వాడినది ఉంగరమా, దారమా, విద్యుత్తా, ప్రతి వైపు నాళంలో ఏ భాగంలో వేశారు, ఎంత తీశారు. డిశ్చార్జి పత్రంలో రెండు పంక్తుల్లో పట్టే వివరం ఇది. అదే పత్రం శస్త్రచికిత్స విఫలమైనా, మరణం సంభవించినా ప్రభుత్వ కుటుంబ నియంత్రణ పరిహార పథకం కింద దరఖాస్తుకు ఆధారమవుతుంది. ఆ రెండు పంక్తులు లేని చీటీతో వచ్చిన మహిళ విషయంలో, ఎంత నాళం మిగిలి ఉందో కడుపు తెరిచి చూసేదాకా ఎవరికీ తెలియదు.